సైకిలు సామగ్రినిగూర్చి తోటివారు చెప్పు సలహాలు

సైకిలుపై పనికి పోవువారు వేఱు, ముచ్చటకొఱకు సైకిలు తొక్కువారు వేఱు. మొదటివారికి సైకిలు వాహనము మాత్రమే. రెండవవారికి అది వాహనమును, వ్యాయామమును, విహారమును, కొంతవఱకు వ్యసనమును గూడ నైయున్నది. ఈ రెండవ తెగవారు సెలవుదినమున తెల్లవారకమునుపే లేచి, ఏబది అఱువది కిలోమీటర్లు పోయి, దారిలో నేదో యొక టీ దుకాణమువద్ద దిగుదురు. దిగినపిమ్మట యోగక్షేమముల ప్రసంగము రెండు నిమిషములలో ముగియును. ఆమీద నొకరి సైకిలు నొకరు వంగి చూచుచు, టైరు వెడల్పెంత, అందు గాలి యెంత, సీటు ఎచ్చట కొంటిరి, చైనుకు ఏ నూనె వేయుదురు అని ప్రశ్నించుకొనుచు గంటసేపు గడపుదురు. కొండలెక్కువారును, అడవులలో డేరాలు వేసికొని రాత్రులు గడపువారును తమ బూట్లను, సంచులను, చలికోట్లను గూర్చి యిట్లే ముచ్చటించుకొందురు. ఇది నిర్దోషమైన వినోదమే. ఇందువలన నొకరి యనుభవము పదిమందికి చేరుచున్నది గనుక మెచ్చదగినది కూడ.

అయితే యీ సంభాషణము టీ దుకాణముతో నాగుటలేదు. అది మన పాఠశాల సైకిలు స్టాండువఱకు వచ్చినది. పట్టణమున నున్న పినతండ్రి కుమారుడొకడు, నీ సైకిలు పనికిరాదు, ఫలానాది కొనుమని చెప్పును. ఆ మాట సాయంకాలమునకు మన విద్యార్థి యింటికి చేరును; మఱునాడు తండ్రి లెక్కలు వేసికొనవలసివచ్చును. మంచి గేరుల సైకిలు వెల మన పిల్లలలో ననేకుల యింట నెల సంపాదనకు మించినది. కొన్న పిమ్మట మోకాలు నొచ్చినను, నడుము పట్టినను, దుకాణదారుడు దానిని తిరిగి తీసికొనడు. చెప్పినవాడు అబద్ధమాడెనా యనిన, లేదు. తనకు మేలు చేసినదానినే నిజముగా చెప్పినాడు. ఆ సలహా ఏ శరీరమునకు, ఏ బాటకు, ఏ ప్రయాణమునకు పుట్టినదో మనము విచారింపకపోవుటయే చిక్కు. ఈ సంగతిని కొన్ని నిదర్శనములతో వివరించుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మన బాలురు మొట్టమొదట నడుగునది టైరు సంగతి గనుక దానితోనే యారంభింతము. సన్నని టైరులో గాలి గట్టిగా కొట్టినయెడల సైకిలు వేగముగా పోవునని చిరకాలముగా నొక నమ్మిక కలదు. ఇందు నిజమెంత? పాఠశాలలో నేర్చుకొన్న భౌతికశాస్త్రమే దీనికి సమాధానము చెప్పగలదు. సైకిలును, దానిపై కూర్చున్నవాడును కలిసి వెనుక చక్రముపై 45 కిలోగ్రాముల బరువు మోపుచున్నారనుకొందము. టైరులోని గాలి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు నాలుగున్నర కిలోగ్రాములనుకొందము. 45ను నాలుగున్నరచేత భాగించిన 10 వచ్చును. అనగా టైరు నేలను తాకు స్థలము ఇంచుమించు 10 చదరపు సెంటీమీటర్లు. టైరు సన్నముగా నున్నను, వెడల్పుగా నున్నను, బరువును ఒత్తిడియు మాఱనంతవఱకు ఈ వైశాల్యము దాదాపు మాఱదు. మాఱునది దాని యాకారము. సన్నని టైరు క్రింద ఆ స్థలము దోసగింజవలె పొడుగుగా నుండును. వెడల్పైన టైరు క్రింద పొట్టిగా, గుండ్రముగా నుండును. గణితపు తరగతిలో వాడు గళ్ల కాగితమును నేలపై పఱచి, టైరునకు తడి సుద్ద పూసి దానిపై నిలిపి, ఒకరు సైకిలుపై కూర్చుండగా పడిన ముద్రలోని గళ్లను లెక్కించినయెడల మీరే చూడవచ్చును.

ఆకారము మాఱిన నేమగును? పొడుగైన ముద్ర పడవలెనన్న టైరు ప్రక్కభాగము ఎక్కువగా వంగవలెను. చక్రము తిరుగునప్పుడెల్ల రబ్బరు వంగుచు, మరల నిటారగుచుండును. ఆ వంగుటలో మన శ్రమ కొంత వేడిగా మాఱి వ్యర్థమగును. కావున ఒక్క విధమైన నిర్మాణము, ఒక్క విధమైన గాలి యొత్తిడి యున్నప్పుడు వెడల్పైన టైరే సులభముగా దొరలును. సన్నని టైరునకున్న లాభములు వేఱు: అది తేలిక, గాలిని చీల్చుకొనిపోవును, హెచ్చు ఒత్తిడిని భరింపగలదు. కాని యా హెచ్చు ఒత్తిడి నున్నని బాటపై నుపకారియే గాని, గులకఱాళ్ల బాటపై కాదు. గట్టి టైరు ప్రతి ఱాతిమీదను ఎగిరిపడుచు, సైకిలును మనిషిని కలిపి పైకెత్తును. ఆ యెత్తుడు శ్రమ యంతయు మన కండలను కదిలించుటలో నష్టమగును. ఈ సంగతి పందెగాండ్రు కూడ గ్రహించిరి. ఈ శతాబ్దారంభమున ఫ్రాన్సు దేశపు టూర్ ద ఫ్రాన్సు పందెములో 23 మిల్లీమీటర్ల టైర్లు సామాన్యముగా నుండెను. 2020 తరువాత 28 మిల్లీమీటర్లును, అంతకు హెచ్చునైన టైర్లు సామాన్యమైనవి.

మన పాలవాని సైకిలునకు 28 అంగుళముల చక్రమును, ఒకటిన్నర అంగుళపు టైరును ఉండును. అనగా సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు. ఆహా, అట్లయిన పాలవాడే అందఱికంటె తెలివైనవాడా యని యడుగుదురేమో. వెడల్పు సంగతిలో వాని బాటకు వాని టైరు తగియున్నదనుట సత్యమే. కాని యా టైరు దళసరిదై, బిఱుసుగా నుండుటచేత వంగుటలో నెక్కువ శ్రమ పోవును. దానికి ప్రతిఫలముగా ముండ్లు త్వరగా గుచ్చుకొనవు, బరువు మోయును, వెల తక్కువ. నలువది లీటర్ల పాలు మోయువానికి ఈ బేరము లాభమే. కాలువగట్టుపై పుస్తకముల సంచితో నాలుగు కిలోమీటర్లు వచ్చు బాలికకు కొంచెము తేలికైన టైరు మేలు.

ఇటీవల మన పిల్లల మనస్సు దోచుకొన్న లావు టైర్ల సైకిళ్లను గూర్చి యొక మాట చెప్పవలెను. నాలుగు అంగుళముల టైరు, అనగా 100 మిల్లీమీటర్లు, అమెరికాలోని అలాస్కా మంచుమీదను, న్యూ మెక్సికో యిసుకమీదను కూరుకొనిపోకుండ పోవుటకై పుట్టినది. అచ్చటివారు దానిని శ్లాఘించుటలో వింతలేదు. మన తారురోడ్డుమీద అది అనవసరమైన బరువు, దానికి తోడు బొబ్బలవంటి రబ్బరు మిట్టలు చేయు రొద. చూపునకు ఠీవిగా నుండునని యొప్పుకొందును. ఆ ఠీవికి వెల యిచ్చువారు తల్లిదండ్రులు, తొక్కువారు పిల్లలు.

గేరులను గూర్చిన వాదము టైర్ల వాదముకంటె పాతది. దానికి నూఱేండ్లు దాటినవి. ఫ్రాన్సులో సెంత్-ఎతియెన్ అను పట్టణము కలదు. దాని దాపున కొండలు. వానిలో నొక కనుమ ఎత్తు 1161 మీటర్లు. అచ్చట పాల్ ద వివీ యను పట్టు వర్తకుడు, తన వ్యాపారమును విడిచి సైకిళ్ల వ్యాపారము చేపట్టి, 1887లో సైకిలు తొక్కువారికొఱకు నొక పత్రిక స్థాపించెను. ఆయన జననము 1853. లోకము ఆయనను వెలోసియో యను కలముపేరుతో నెఱుగును. ఆ కాలపు సైకిలునకు ఒక్కటే గేరు. వెలోసియో ఆ కొండలను స్వయముగా నెక్కి దిగి, ఎక్కుటకొక గేరు, సమభూమి కొక గేరు, దిగుటకొక గేరు ఉండవలెనని నిశ్చయించుకొనెను. తాను తొక్కి చూచినదానిని తన పత్రికలో వ్రాయుచుండెను.

గేరన నేమో తెలియనివారికి చెప్పుచున్నాను. ముందు పండ్ల చక్రమునకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలునకు 18 పండ్లు ఉన్నచో, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము 44ను 18చేత భాగించినన్ని, అనగా దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత 2.2 మీటర్లయిన, ఒక తొక్కుడునకు సుమారు 5.4 మీటర్లు ముందుకు పోవుదుము. ముందును వెనుకను 28 పండ్లే యున్నచో ఒక తొక్కుడునకు 2.2 మీటర్లే పోవుదుము. కాని అంతమేరకు కాలిపై భారము తగ్గును. బావిలోని బొక్కెనను ఒక్క గుంజుకు పైకి లాగుటకును, కొంచెము కొంచెముగా చేదుకొనుటకును ఉన్న భేదమే యిది. నీరు అన్నియే, అలసట వేఱు.

పందెముల నిర్వాహకులకు ఈ యూహ రుచింపలేదు. టూర్ ద ఫ్రాన్సును 1903లో నెలకొల్పిన ఆంరి దెగ్రాంజ్ అనునతడు, గేరులు మార్చుకొను సాధనము నలువదియైదేండ్లు దాటినవారికే తగునని 1902లో నెగతాళిగా వ్రాసెను. నాకును ఆ వయస్సు సమీపించుచున్నది గనుక ఆ హాస్యమును నేనంతగా నానందింపలేకున్నాను. చైనును ఒక పండ్ల చక్రమునుండి మఱియొకదానికి త్రోయు సాధనము ఆ పందెములో 1937 వఱకు అనుమతింపబడలేదు. వెలోసియో 1930లోనే మరణించెను.

ఈ చరిత్రను చదివినవారు వెలోసియో జ్ఞాని, దెగ్రాంజ్ మూర్ఖుడు అని తీర్పు చెప్పుట కలదు. నాకట్లు తోచదు. దెగ్రాంజ్‌నకు కావలసినది బలపరీక్ష. పందెగాని కండల శక్తిని కొలుచుటలో యంత్రము సాయపడుట ఆయనకిష్టము లేదు. వెలోసియోకు కావలసినది నలువది మైళ్లు పోయి, కొండపై నిలిచి, క్రింది లోయను చూచి, మరల ఇల్లు చేరుట. కేవలము గొప్పకొఱకు తొక్కరాదనియు, ఆకలి కాకమునుపే తినవలెననియు, దప్పి కాకమునుపే త్రాగవలెననియు ఆయన తన తోటివారికి బోధించెను. ఇద్దఱును తమ తమ ప్రయాణములకు తగినదే చెప్పిరి. పందెమెన్నడును తొక్కని సామాన్యులు పందెములవాని మాటను తమకు వర్తింపజేసికొని, కొండల క్రింద చెమటలు క్రక్కుచు సైకిలును నడిపించుకొనిపోయిరి. తప్పు జరిగినది అచ్చట.

మన కృష్ణా గోదావరీ డెల్టాలయందు భూమి అఱచేయివలె చదునుగా నున్నది. వంతెన యెక్కుట దప్ప వేఱు కొండలేదు. ఇచ్చట పాఠశాలకు వచ్చువానికి ఒక్క గేరు చాలును. ముందు మూడును వెనుక ఏడును కలిసి యిరువదియొక్క గేరులని దుకాణమున చెప్పుదురు. వానిలో కొన్ని యొకదాని నొకటి పోలియే యుండును. చవుక సైకిళ్లలో ఆ గేరులను త్రోయు సాధనము కొలదికాలములోనే వంగి, చైను జాఱుట మొదలిడును. ఆమీద బజారుమరమ్మతువాని చుట్టు తిరుగుటయే. అరకు కనుమ నెక్కువారికి, విశాఖపట్టణపు మిట్టలలో నివసించువారికి మాత్రము గేరులు విలాసము కావు, అవసరము. వారి సలహా వారి యూరికి సరియైనది.

ఇంక సీటు. మోకాలినొప్పితో కుంటుచు వచ్చు బాలుర సైకిళ్లను పరీక్షించినయెడల చాల తఱచుగా సీటు మిక్కిలి క్రిందికి దించబడియుండును. పాదములు రెండును నేలపై మోపవలెనను భయముచేత నట్లు చేయుదురు. తొక్కునప్పుడు మోకాలు మితిమీఱి మడుచుకొని, దాని ముందుభాగమున నొప్పి పుట్టును. సీటు మఱీ యెత్తైనచో నొప్పి మోకాలి వెనుక వచ్చును. నడుము ఇరుప్రక్కలకు ఊగును. సరియైన యెత్తు తెలియుటకు సులభోపాయము కలదు. గోడ నానుకొని సీటుపై కూర్చుండి, పెడలును అడుగునకు దించి, దానిపై మడమను పెట్టవలెను. కాలు నిటారుగా నిలువవలెను. పిమ్మట పాదపు ముందుభాగముతో తొక్కినప్పుడు మోకాలు కొంచెముగా మాత్రమే మడుచుకొనును. కొలిచి చూడగోరువారు, కాళ్ల మధ్యనుండి నేలవఱకు గల కొలతను 1.09 చేత గుణింపవచ్చును. హామ్లీ, థామస్ అను పరిశోధకులు 1967లో ప్రకటించిన లెక్క యిది. ఆ కొలత 75 సెంటీమీటర్లయిన, అడుగున నున్న పెడలునుండి సీటు పైభాగమువఱకు సుమారు 82 సెంటీమీటర్లుండవలెను. ఇది ఆరంభమునకు గుర్తు మాత్రమే; శరీరమే తుది తీర్పరి. ఈ సవరింపునకు కావలసినది ఒక రెంచి మాత్రమే, పైకము కాదు. అయినను మోకాలు నొచ్చినవానికి కొత్త సైకిలు కొనుమని సలహా చెప్పువారిని నేను చూచియున్నాను.

మెత్తని సీటే సుఖమనునది మఱియొక భ్రమ. కూర్చున్నప్పుడు మన బరువును మోయవలసినవి పిరుదుల యడుగున నున్న రెండు ఎముకలు. దూది పరుపువంటి సీటులో ఆ యెముకలు దిగబడి, బరువు ప్రక్కనున్న మెత్తని కండపైకి పోవును. పది నిమిషములు హాయి, గంటకు తిమ్మిరి. అందువలననే దూరప్రయాణము చేయువారు గట్టి సీటును మెచ్చుకొందురు. అంత మాత్రమున గట్టి సీటు అందఱకు నని కాదు. నిటారుగా కూర్చుండి నాలుగు కిలోమీటర్లు వచ్చువారి బరువంతయు సీటుపైననే యుండును. ముందుకు వంగి తొక్కువారి బరువు కొంత చేతులకు పోవును. ఒకరి సీటు మఱియొకరికి కుదురకపోవుట, ఒకరి చెప్పు మఱియొకరికి కుదురకపోవుట వంటిదే.

సైకిళ్లవారిని విడిచి కొండలెక్కువారి మాట వినినయెడల ఈ సంగతి మఱింత తేటపడును. స్కాట్లండు, ఉత్తర అమెరికా దేశముల కొండలలో తిరుగువారు క్రొత్తవారికి మొదట చెప్పు మాట, నూలుబట్ట కట్టరాదని. వారికది ప్రాణముతో కూడిన సంగతి. నూలు నీటిని పీల్చుకొని, త్వరగా నాఱక, ఒంటి వేడిని లాగివేయును. చలిగాలిలో తడిసిన నూలుచొక్కాతో చిక్కుకొన్నవాడు ప్రాణాపాయమున పడవచ్చును. ఉన్ని తడిసినను కొంత వేడిని నిలుపును. కాని మే నెలలో కడప యెండలో సైకిలు తొక్కువానికి, నూలు చెమటను పీల్చుకొని మెల్లగా నారుచు ఒంటిని చల్లబఱచుటయే వరము. ఒకచోట చంపు గుణమే మఱియొకచోట కాపాడుచున్నది. వానకోట్లదియు ఇట్టిదే. నీటిని ఆపుచు, చెమట యావిరిని మాత్రము పోనిచ్చు పలుచని పొరను బాబ్ గోర్ అను అమెరికావాడు 1969లో కనిపెట్టెను. 1976లో దానితో కుట్టిన కోట్లు అంగళ్లకు వచ్చెను. వెల హెచ్చు. లోపల వేడిమియు తేమయు హెచ్చుగా, బయట తక్కువగా నున్నప్పుడే ఆవిరి వెలికి పోవును. శీతల దేశములలో నట్లే యుండును. మన శ్రావణమాసమున బయటనే తేమ నిండియుండగా ఆవిరి ఎచ్చటికి పోవును? లోపల చెమటతో, వెలుపల వానతో రెండువిధముల తడియుదురు. మన పిల్లలకు వానకాలమున ముఖ్యముగా కప్పవలసినది పుస్తకముల సంచి. దానికి మంచి ప్లాస్టికు సంచి యొకటి చాలును. ఒంటిపై పడిన వెచ్చని వాన ఆఱిపోవును.

వెలగల సామగ్రి లేనిదే కొండ యెక్కరాదనువారికి అమెరికా స్త్రీ యెమ్మా గేట్‌వుడ్ చరిత్ర చెప్పదగినది. పదునొకండుగురు బిడ్డలను పెంచిన ఈ గ్రామీణ స్త్రీ, తన అఱువదియేడవ యేట, 1955లో, అపలేచియన్ కొండలబాటను మొదటినుండి తుదివఱకు ఒంటరిగా నడిచెను. దూరము ఇంచుమించు 3300 కిలోమీటర్లు. ఆమె కాళ్లకు గుడ్డ బూట్లు. భుజమున తాను కుట్టుకొన్న సంచి. వానకు స్నానపుగది తెర. డేరా లేదు. ఈ కథను విని, సామగ్రి యేమియు నక్కఱలేదని నిశ్చయించుకొనువారు మరల తొందరపడుచున్నారు. ఆ గుడ్డ బూట్లు పలుమాఱులు చిరిగి, జత వెంబడి జత మార్చవలసివచ్చెను. అంతకు ముందటేడు, 1954లో, ఆమె చేసిన తొలి ప్రయత్నము దారి తప్పుటచేతను, కండ్లద్దములు పగులుటచేతను ఆగిపోయెను. సంచి చవుకదైనను నడక సాగినది. కండ్లద్దములు లేక నడక సాగలేదు. ఏది లేకున్న ప్రయాణము నిలిచిపోవునో దానిని గుర్తించుటయందే తెలివియున్నది.

కాబట్టి మన విద్యార్థి యెవరినైన సలహా యడుగునప్పుడు, ఏది మంచిదని యడుగుటకంటె, మీరెంత బరువు, ఎట్టి బాటపై తొక్కుదురు, ఒక్కదినమున నెంత దూరము, దీనిని కొని యెన్ని నెలలైనది అని యడుగవలెను. చివరి ప్రశ్న మిక్కిలి ముఖ్యము. కొన్న వారములో ప్రతివాడును తన వస్తువును పొగడును. పైకము పోసినది మంచిదని నమ్ముట మనుష్య స్వభావము. ఒక వేసవియు, ఒక వానకాలమును గడచిన పిమ్మట చెప్పు మాటకు విలువ హెచ్చు. మన సందులోని సైకిలు మరమ్మతువాని మాట దీనికంటెను విలువైనది. ఏ భాగము ఎన్నాళ్లకు విఱుగునో ఆతని చేతులకు తెలియును. ఆతడు మితభాషి యగుటచేత అడిగినగాని చెప్పడు.

హైదరాబాదు మొదలగు పట్టణములలో బ్రెవే యను దూరప్రయాణములు చేయువారున్నారు. ఫ్రాన్సులో పుట్టిన నియమముల ప్రకారము 200 కిలోమీటర్లను పదుమూడున్నర గంటలలోను, 300ను 20 గంటలలోను, 400ను 27 గంటలలోను, 600ను 40 గంటలలోను ముగింపవలెను. ఇది పందెము కాదు. గడువులో చేరినవారందఱును సమానులే. వీరు ధరించు బిగువైన మెత్తచల్లడములు, పెడలునకు అతుకుకొను బూట్లు మన పిల్లలకు అక్కఱలేదు. కాని రాత్రివేళ ముందొక దీపము, వెనుకనొక యెఱ్ఱదీపము, వెలుతురు పడినచో మెఱయు పైచొక్కా లేనివారిని వారి నియమములు ముందుకు పోనీయవు. ఇది అందఱును గ్రహింపదగినది. ఏలయన లారీ నడుపువానికి, చీకటిలో పోవువాడు ఆఱువందల కిలోమీటర్లవాడో, ట్యూషనునుండి యింటికి పోవు తొమ్మిదవ తరగతి బాలుడో తెలియదు.

అనగా శరీరమునుబట్టియు, బాటనుబట్టియు మాఱని సలహాలును కొన్ని కలవు. నేను తండ్రినైయుండి కొలది పైకము మాత్రమే నాయొద్ద నున్నయెడల, దానిని గేరులమీద గాక బ్రేకులమీదను, దీపములమీదను, హెల్మెట్టుమీదను ఖర్చు చేయుదును. మెఱుగుపెట్టిన ఇనుప రిమ్ములు వానలో తడిసినప్పుడు బ్రేకుదిమ్మలు జాఱును. ఎండలో ఆగు దూరమునకు ఎన్నో రెట్లు పోయి గాని సైకిలు ఆగదు. అల్యూమినియము రిమ్ముల పట్టు ఇంతకంటె చాల మేలు. హెల్మెట్టులోపల థర్మోకోలువంటి గట్టి నుఱుగు ఉండును. తల నేలకు కొట్టుకొన్నప్పుడు ఆ నుఱుగు నలిగి దెబ్బను తాను తీసికొనును. ఒకసారి నలిగినది మరల పూర్వమువలె కాదు. బయటి పెంకు నిగనిగలాడుచున్నను లోపల చచ్చిపోయియుండవచ్చును. అందుచేత సెకండుహ్యాండు సైకిలును నిస్సంకోచముగా కొనవచ్చును గాని, సెకండుహ్యాండు హెల్మెట్టును మాత్రము కొనరాదు. కనుబొమలకు రెండు వ్రేళ్ల యెత్తున అంచు నిలుచునట్లు పెట్టుకొని, గడ్డము క్రింది పట్టీ బిగింపవలెను. వెనుకకు వ్రేలాడు హెల్మెట్టు నుదుటిని కాపాడదు.

స్నేహితుడు చెప్పిన టైరును తెచ్చుకొని, అది చక్రమున పట్టక విచారించినవారికొఱకు మఱియొక సంగతి. 26 అంగుళములని వ్రాసిన టైర్లన్నియు నొకటి కావు. కొండ సైకిలు 26 వేఱు, పాత పద్ధతి చిన్న సైకిలు 26 వేఱు. టైరు ప్రక్కను సన్నని యక్షరములతో రెండు సంఖ్యల జంట యొకటి అచ్చువేసి యుండును. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ముపై టైరు కూర్చుండు చోటి వ్యాసము, రెండును మిల్లీమీటర్లలో. కొండ సైకిలు 26నకు రెండవ సంఖ్య 559. ఒకటిమ్మూడెనిమిదవ వంతుల అంగుళపు వెడల్పుగల 26నకు 590. పాలవాని 28నకు 635. నేటి పట్టణపు సైకిళ్లలో 700 అని పిలుచుదానికి 622. రెండవ సంఖ్య కలిసినగాని టైరు పట్టదు. దుకాణమునకు పోవునప్పుడు ఈ జంటను కాగితముపై వ్రాసికొని పొండు. అంగుళముల మాట నెత్తకుడు.

చైనునకు ఏ నూనె మంచిదను వాదమును నేను విడిచిపెట్టుచున్నాను. దానికి అంతము లేదు. ధూళి రేగు వేసవిలో చిక్కని నూనె దుమ్మును పట్టి సానపిండివలె పండ్లను అఱగదీయును, వానలో పలుచని నూనె కడుగుకొనిపోవును. ఏ నూనె వేసినను పై నూనెను గుడ్డతో తుడిచివేయవలెనను విషయములో మాత్రము అందఱును ఏకీభవించుచున్నారు. చైను అఱిగినదో లేదో తెలిసికొనుటకు ఎవరి యభిప్రాయముతోడను పనిలేదు. చైను మేకులు అర అంగుళమునకొకటి యుండును. దర్జీ టేపు సాగును గనుక ఉక్కు టేపు తీసికొని, ఒక మేకు నడుమ సున్న నుంచి, ఇరువదినాలుగవ మేకు ఎచ్చట పడునో చూడవలెను. కొత్త చైనులో అది సరిగా 12 అంగుళములవద్ద పడును. అంగుళములో పదునాఱవ వంతు దాటినయెడల చైనును మార్చవలెను. ఎనిమిదవ వంతు దాటువఱకు ఊరకున్నచో పండ్లు కూడ అఱిగి, చైనుతోపాటు ఫ్రీవీలునకును వెల చెల్లింపవలసివచ్చును.